దత్తతకు అడ్డదారి వద్దు

ప్రశ్న: మాది తాండూరు. మా ఆయనవాళ్లది వికారాబాద్. రెండువైపులా మెథడిస్టు కుటుంబాలే. చాలా ఏళ్ల కిందట అమెరికా వెళ్లి స్థిరపడ్డాం. ఇద్దరికీ అక్కడి పౌరసత్వం వచ్చింది, ఓసీఐ కార్డులున్నాయి. పిల్లలు కలగలేదు. దత్తతకు పేరు నమోదు చేయించుకుని ఎదురుచూస్తున్నాం, ఎప్పటికి పిలుపు వస్తుందో తెలియడం లేదు. పోయిన నవంబరులో ధారూరు జాతరకు వచ్చినప్పుడు మా అత్తమ్మ తరఫు బంధువు ఒకాయన కలిశాడు. తాండూరు దగ్గరి తండాలో ఒకామెకు మూడో కాన్పు ఉందని, ఆడపిల్ల పుడితే ఇచ్చేస్తారని, ఆసుపత్రి ఖర్చులు, పైన కొంత ఇస్తే నోటరీ బాండు రాయిస్తానని చెప్పాడు. క్రైస్తవులకు దత్తత చట్టమే లేదు కాబట్టి బాండు, పాస్టరుగారి ఉత్తరం ఉంటే చాలంటున్నాడు. ఇది సరైనదేనా? ఇంకా ఎంతకాలం ఎదురుచూడాలి? రేపు ఆ బిడ్డకు మా ఆస్తిలో హక్కు ఉంటుందా?

జవాబు: ముందు సూటిగా చెబుతాను. ఆ బంధువు చూపిన దారిలో ఒక్క అడుగు కూడా వేయకండి. ఆ బాండుకు చట్టంలో విలువ లేదు. దాన్ని పట్టుకుని బిడ్డను అమెరికా తీసుకెళ్లడం కుదరదు. పైగా అది మిమ్మల్నీ, ఆ బంధువునూ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ తల్లినీ కేసుల్లోకి లాగుతుంది. మీ బాధ నాకు తెలుసు. బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఇంట్లో ప్రతి పండగా ఒక పరీక్షే. కానీ మీ ఎదురుచూపును తగ్గిస్తానని వచ్చినవాడు నిజానికి మీ దత్తతనే లేకుండా చేస్తాడు.

క్రైస్తవులకు దత్తత హక్కు ఉందా?

ఉంది, పూర్తిగా ఉంది. మీ బంధువు చెప్పింది పాతకాలపు మాట. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తిస్తుంది. అందుకే చాలాకాలం క్రైస్తవులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డకు సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగారు. బిడ్డ మేజరు కాగానే ఆ సంబంధం చట్టం లెక్కలో ముగిసేది. పెంచిన తల్లిదండ్రుల ఆస్తిలో వారసత్వం వచ్చేది కాదు.

2000 నాటి బాలల న్యాయ చట్టం (అందరూ జేజే యాక్ట్ అనేది దీన్నే) ఈ తలుపు తెరిచింది. 2006 సవరణతో దారి ఇంకా స్పష్టమైంది. 2014 ఫిబ్రవరి 19న షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు, ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని తేల్చి చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్నది దాని స్థానంలో వచ్చిన 2015 జేజే చట్టం. ఇందులో దత్తతకు మతం అర్హతా కాదు, అనర్హతా కాదు. పాస్టరుగారి ఉత్తరం మీ కుటుంబ నడవడికి ఒక సాక్ష్యంగా పనికొస్తుందేమో గానీ, దాంతో దత్తత ఏర్పడదు. చర్చి రిజిస్టరులో బాప్తిస్మం కింద మీ పేర్లు తల్లిదండ్రులుగా రాసినా అంతే.

బాండు రాయించుకుంటే ఏమవుతుంది?

2015 చట్టం ప్రకారం అనాథ బిడ్డను, వదిలేసిన బిడ్డను, తల్లిదండ్రులు అప్పగించిన బిడ్డను నిర్ణీత పద్ధతి తప్పించి దత్తతకు ఇచ్చినా, తీసుకున్నా సెక్షన్ 80 కింద మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బిడ్డను అమ్మినా, కొన్నా సెక్షన్ 81 కింద ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది చేతుల్లో ఉన్న బిడ్డ విషయంలో వాళ్లే ఈ నేరానికి పాల్పడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండొచ్చు. "ఆసుపత్రి ఖర్చులే కదా" అని మనసుకు సర్దిచెప్పుకోవద్దు. బిడ్డను ఇవ్వడానికి తల్లి ఒప్పుకోవడమనేది డబ్బుతో ముడిపడితే, దానికి ఏ పేరు పెట్టినా కొనుగోలుగానే చూస్తారు.

అంతర్జాతీయంగా కూడా ఇదే నియమం. 1993 హేగ్ దత్తత ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అమెరికా కూడా అందులో ఉంది. బిడ్డ పుట్టకముందు తల్లి ఇచ్చిన అంగీకారం ఆ ఒప్పందం ప్రకారం చెల్లదు. డబ్బు చూపించి తీసుకున్న అంగీకారమూ చెల్లదు. కుటుంబంలోని దత్తతలు మినహాయిస్తే, షరతులు పూర్తయ్యే వరకు దత్తత కోరేవారు బిడ్డ తల్లిదండ్రులను నేరుగా కలవడమే కుదరదు. మీ బంధువు చెప్పిన ఏర్పాటు ఈ మూడింటికీ విరుద్ధం.

తాండూరుకు ఇది కొత్త కథ కాదు

మీ ఊరివాళ్లలో పెద్దలను అడిగితే చెబుతారు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత సంస్థలపై కేసులు నమోదయ్యాయి. లంబాడా తండాల నుంచి దళారులు ఆడశిశువులను కొన్ని వేల రూపాయలకు తెచ్చి సంస్థలకు అప్పగించారని, తల్లిదండ్రుల పేరుతో తప్పుడు అంగీకార పత్రాలు తయారయ్యాయని ఆరోపణలు వచ్చాయి. హైదరాబాద్ సంస్థలతో పాటు తాండూరులోని జాన్ అబ్రహాం బెతాని మెమోరియల్ హోం పేరూ అప్పట్లో పత్రికలకెక్కింది. వి. రుక్మిణీరావు నడిపిన గ్రామ్య వంటి మహిళా సంస్థలు తండాల తల్లుల పక్షాన నిలబడ్డాయి. 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం, తల్లిదండ్రులు బిడ్డలను నేరుగా సంస్థలకు వదిలేసే పద్ధతిని ఒక జీవో ద్వారా నిషేధించింది.

సముద్రం అవతల కొందరు దంపతులు అప్పటికే బిడ్డ ఫొటో చూసుకున్నారు, పేరు పెట్టుకున్నారు, గది సిద్ధం చేసుకున్నారు. విశ్వాసంతో ముందుకొచ్చిన క్రైస్తవ కుటుంబాలూ వారిలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది చేసిన తప్పేమీ లేదు. అయినా ఫైళ్లు ఆగిపోయాయి, కోర్టుల్లో ఏళ్లు గడిచాయి, పిల్లలు సంస్థల్లోనే పెరిగారు. దళారులు సంపాదించుకున్నారు. మూల్యం చెల్లించింది మాత్రం పిల్లలు, కన్నవాళ్లు, పెంచుకోవాలని ఎదురుచూసినవాళ్లు.

దత్తత పూర్తయినా గాయం ఆగదు. అమెరికాలోని అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్, ఆయన భార్య క్రైస్తవ దంపతులు. 1998లో హైదరాబాద్‌లోని ఒక సంస్థ ద్వారా ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. తమ తల్లి తమను వదులుకోలేదని ఇంటికి వచ్చాక ఆ పిల్లలే చెప్పారు. ఆ మాట నిజమని తేలడానికి ఏళ్లు పట్టింది. చివరికి తల్లి ఆచూకీ దొరికింది. స్మోలిన్ అప్పటి నుంచి దేశాంతర దత్తతల్లోని అక్రమాలపై పరిశోధన వ్యాసాలు రాస్తూ వచ్చారు. మంచి మనసు, ప్రార్థన, చేతిలో కాగితాలు ఉన్నంత మాత్రాన బిడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న తీరిపోదు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరకాలనే చట్టం ఇన్ని మెట్లు పెట్టింది.

తల్లికి చట్టం ఇచ్చిన రక్షణ

ఆ తండా తల్లి నిజంగానే బిడ్డను పెంచలేని స్థితిలో ఉంటే, ఆమె వెళ్లాల్సింది జిల్లా బాలల సంక్షేమ సమితి దగ్గరికి. సమితి ఆమెతో మాట్లాడాలి, బిడ్డను ఉంచుకునే మార్గాలు చూపాలి. అప్పటికీ ఆమె నిర్ణయం మారకపోతే, సమితి ముందే అప్పగింత పత్రం రాయించుకోవాలి. ఆ తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలలు గడువు ఉంది. ఆ గడువులో వచ్చి అడిగితే బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. వదిలేసిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల కోసం వెతకడానికి, రెండేళ్ల లోపు బిడ్డకైతే రెండు నెలలు, అంతకు పైబడిన బిడ్డకు నాలుగు నెలలు గడువు. ఇవన్నీ పూర్తయ్యాక సమితి సభ్యులు ముగ్గురు సంతకం చేస్తేనే బిడ్డ దత్తతకు అర్హత పొందుతుంది.

నోటరీ బాండు మీద వేలిముద్ర వేసిన తల్లికి ఈ రెండు నెలలు ఉండవు. బాలింతగా ఉన్నప్పుడు, ఇంట్లో ఒత్తిడి ఉన్నప్పుడు, చేతిలో డబ్బు పెట్టి వేయించుకున్న ముద్ర అది. ఆ తల్లి రెండు నెలలను కాపాడాల్సిన బాధ్యత మీ మీద కూడా ఉంది.

మీ వంటివారికి దారి ఎలా ఉంటుంది?

మన దేశంలో నివసించే భారతీయులకు, భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులకు దత్తతలో సమాన ప్రాధాన్యం. మీరిద్దరూ అమెరికా పౌరులు కాబట్టి ఓసీఐ కార్డు ఉన్నా దేశాంతర దత్తత కిందికే వస్తారు. బిడ్డకు దత్తత అర్హత వచ్చిన తేదీ నుంచి అరవై రోజుల్లో ఇక్కడివారు గానీ, ప్రవాస భారతీయులు గానీ దొరకకపోతేనే ఆ బిడ్డను దేశాంతర దత్తతకు చూస్తారు. కాస్త పెద్ద పిల్లలు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, వైకల్యం ఉన్న పిల్లల విషయంలో దేశాంతర దత్తతకు ప్రాధాన్యం ఇవ్వొచ్చు. నెలల పసిపాప కోసమే చూస్తే ఎదురుచూపు చాలా పొడవుంటుంది. ఐదేళ్లు పైబడిన బిడ్డకో, ఇద్దరు తోబుట్టువులకో మీ ఇల్లు సిద్ధమా అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒప్పుకుని తీరాలని కాదు, తెలిసి నిర్ణయించుకోవాలని చెబుతున్నాను.

వరుస ఇది: అమెరికాలో కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా గుర్తించిన విదేశీ దత్తత ఏజెన్సీ ద్వారానే దరఖాస్తు. ఆ ఏజెన్సీ గృహ పరిశీలన నివేదిక తయారుచేస్తుంది. దత్తతకు మీరు అర్హులని తేల్చమంటూ అమెరికా ప్రభుత్వానికి ఐ-800ఏ దరఖాస్తు పెట్టాలి. కారా పోర్టల్‌లో బిడ్డ వివరాలు, వైద్య నివేదిక వస్తాయి. మీరు అంగీకరించాక కారా నిరభ్యంతర పత్రం, ఆపై దత్తత సంస్థ ఉన్న జిల్లా కలెక్టర్ ఉత్తర్వు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు మారింది. దరఖాస్తును రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. చివరగా హేగ్ ఒప్పందం కింద ధ్రువపత్రం, బిడ్డకు పాస్‌పోర్టు, వీసా. వెళ్లాక రెండేళ్లు పర్యవేక్షణ: మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి.

వయసు లెక్క కూడా చూసుకోండి. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ల లోపు బిడ్డకు దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపైన 110. పెళ్లయి కనీసం రెండేళ్లు స్థిరంగా కలిసి ఉండాలి. ఎదురుచూపులో వయసు పెరుగుతుంది కాబట్టి ఏ వయసు బిడ్డకు అర్హులో ఏటా లెక్క వేసుకోండి.

ఎదురుచూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి

రుసుములన్నీ నిబంధనల్లో రాసి ఉన్నాయి. ఖాతాలోకే కట్టండి, రసీదు తీసుకోండి. "పని త్వరగా అవుతుంది" అని నగదు అడిగితే ఫిర్యాదు చేయండి.

బిడ్డ వైద్య నివేదికను మీ పిల్లల డాక్టరుకు చూపించి సలహా తీసుకునే హక్కు మీకుంది. మొహమాటం వద్దు.

బిడ్డ ఫొటో రాగానే చర్చి వాట్సాప్ గ్రూపులో "ప్రార్థించండి" అని పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. సంరక్షణలో ఉన్న బిడ్డ గుర్తింపు బయటపెట్టడం సెక్షన్ 74 కింద నేరం. ప్రార్థించమని అడగండి, ఫొటో మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

బంధువుల బిడ్డను తీసుకోవాలనుకుంటే దానికి వేరే దారి ఉంది. మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డ అయితే చట్టం దాన్ని బంధువుల దత్తతగా ఒప్పుకుంటుంది. కన్నవారి అంగీకారం ఉండాలి, ఐదేళ్లు దాటిన బిడ్డ తన ఇష్టం చెప్పాలి. దానికీ కారా పద్ధతే, బాండు కాదు.

ఆస్తి హక్కు

2015 చట్టం సెక్షన్ 63 ప్రకారం దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విషయాల్లోనూ మీ సొంత బిడ్డే. వీలునామా లేకపోయినా వారసత్వం వస్తుంది. అయితే వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల పాతకాలంలో సంరక్షకులుగా లేదా నోటిమాట మీద బిడ్డను పెంచుకున్న క్రైస్తవ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలాంటివారు ఆలస్యం చేయకుండా ఇద్దరు సాక్షుల ముందు వీలునామా రాసి, రిజిస్టర్ చేయించుకోవాలి. పెంచిన బిడ్డను రేపు కోర్టు మెట్లెక్కించకండి.

ఎవరిని అడగాలి?

కలెక్టరేటులోని జిల్లా బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి మొదటి ద్వారాలు. బిడ్డ అమ్మకం జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోను చేయండి. న్యాయ సహాయానికి 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, కాబట్టి ఆ తండా తల్లికీ ఈ హక్కు ఉంది.

మీరు ఈ రోజే చేయగల పని ఒకటుంది. ఆ బంధువుకు వద్దని గట్టిగా చెప్పండి. అంతటితో ఆగకుండా ఆమె సంగతి బాలల సంక్షేమ సమితికి తెలిసేలా చూడండి. బిడ్డను ఉంచుకోవడానికి ఆమెకు సాయం అందితే ఆ బిడ్డకు సొంత ఇల్లే దక్కుతుంది. అందకపోతే చట్టం చూపిన దారిలో ఏదో ఒక ఇంటికి చేరుతుంది. అది మీ ఇల్లు కాకపోవచ్చు. మీ వరుసలో మీరు నిలబడండి. రేపు మీ ఇంటికొచ్చే బిడ్డ పెద్దయ్యాక "నేను ఎక్కడి నుంచి వచ్చాను?" అని అడుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ ఆచూకీ అధికారికంగా వెతుక్కునే వీలు నిబంధనలు ఇస్తున్నాయి. ఆ రోజు దాచాల్సింది ఏదీ లేకుండా జవాబు చెప్పగలగాలంటే ఇప్పుడు పడే ఈ ఆలస్యాన్ని భరించాల్సిందే. చట్టం అడుగుతున్నది ఆ ఓపికనే. తల్లిదండ్రులుగా మీరు బిడ్డకు చేసే మొదటి న్యాయం కూడా అదే.