మూడు సెకండ్లు

బాస్కెట్‌బాల్ ఆటలో న్యాయనిర్ణేత ఈల వేయగానే గడియారము ఆగవలెను. వెలుపలినుండి విసరిన బంతిని లోపలి ఆటగాడు తాకగానే అది మరల నడువవలెను. ఇందు పొరపాటు జరిగిన నేమగునో 1972 మ్యూనిచ్ ఒలింపిక్ తుదిపోటీ తెలుపును.

అమెరికా 50–49తో ముందుండెను. మూడు సెకండ్లు మిగిలియుండెను. సోవియట్ జట్టు బంతి విసరెను. ఒక సెకండు మిగిలియుండగా ఆట నిలుపబడెను. మూడు సెకండ్లు మరల ఈయబడెను. కాని గడియారమును సరిచేయకమునుపే ఆట మొదలయి, గంట మ్రోగెను. అమెరికనులు సంతోషముతో గంతులు వేసిరి. అధికారులు మూడవమారు అవకాశమిచ్చిరి. అలెగ్జాండర్ బెలోవ్ బంతిని వలలో వేసెను. సోవియట్ జట్టు 51–50తో గెలిచెను. అమెరికా మొర 3–2 ఓట్లతో త్రోసివేయబడెను. వారు రజతపతకములను స్వీకరింపలేదు.

నేడు పెద్ద పోటీలలో అధికారులు వీడియో చూచి కాలమును సరిదిద్దుదురు. అయినను, గడియారమును సరిచూచిన పిమ్మటనే బంతి నిచ్చుట వారి మొదటి ధర్మము.