గుంపులో ఒకటి పలకకపోతే?

మీ పాఠ్యపుస్తకం చివర పదసూచిక ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఏ మాట ఏయే పేజీల్లో ఉందో పుస్తకమంతా తిరగేయకుండానే తెలిసిపోతుంది. కోట్ల పత్రాల్లో ఒక మాటను క్షణంలో వెతికిపెట్టే కంప్యూటర్ల కిటుకు కూడా ఇదే. ఇలాంటి సూచికలు తయారుచేసే 'లూసీన్' అనే ప్రోగ్రామును డగ్ కటింగ్ 1999లో రాశాడు. దాని ఆధారంగా షే బానన్ రూపొందించిన 'ఎలాస్టిక్‌సెర్చ్' 2010లో వెలువడింది.

సూచిక ఒక కంప్యూటరులో పట్టనంత పెద్దదైతే? ముక్కలు చేసి పలు కంప్యూటర్లకు పంచుతారు. ముక్కను షార్డు అనీ, ఆ పనిలో పాల్గొనే ఒక్కొక్కదాన్ని నోడు అనీ, నోడ్ల గుంపును క్లస్టరు అనీ అంటారు. ప్రతి షార్డుకూ ఒక నకలు మరో నోడులో ఉంచుతారు. (అసలూ నకలూ ఒకే నోడులో ఎందుకు ఉంచరో మీరే ఆలోచించండి.)

ఇక అసలు చిక్కులోకి వద్దాం. మూడు నోడ్లలో ఒకటి పలకడం లేదనుకోండి. ముందు దోష సందేశాన్ని శ్రద్ధగా చదవాలి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే చాలావరకు ఆ కంప్యూటరు ఉంది, కాని ఆ తలుపు దగ్గర వినేవారు లేరని అర్థం. 'టైమౌట్' అయితే కబురు వెళ్ళింది, జవాబే రాలేదు. తీగ తెగిందో, కంప్యూటరు ఆగిందో, మధ్యలో కాపలా ప్రోగ్రాము కబురును మింగేసిందో చూడాలి.

ఈ తలుపులను పోర్టులంటారు. మామూలుగా మనం ప్రశ్నలడిగేది 9200 పోర్టులో. నోడ్లు తమలో తాము మాట్లాడుకునేది 9300లో. కాబట్టి 9200 పలికినంత మాత్రాన నోడు గుంపులో చేరినట్టు కాదు. కొత్తవాళ్ళకు తరచు ఎదురయ్యే చిక్కు 127.0.0.1 అనే చిరునామా. ఏ కంప్యూటరుకైనా దాని అర్థం 'నేనే' అని! వేరే చిరునామా ఇవ్వకపోతే నోడు అక్కడే వింటూ కూర్చుంటుంది. బయటివాళ్ళు ఎంత పిలిచినా దానికి వినబడదు.

గుంపుకు మాస్టరు అనే నాయక నోడు ఒకటి ఉంటుంది. అది సెకనుకోసారి మిగతావాటి నాడి చూస్తుంది. ఒక్కో జవాబు కోసం 10 సెకన్లు ఆగుతుంది. వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే ఆ నోడును జాబితాలోంచి తీసేస్తుంది. వెంటనే నకలు అసలు స్థానంలోకి వస్తుంది. క్లస్టరు రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారుతుంది. కొత్త నకలు తయారీకి మాత్రం ఒక నిమిషం ఆగుతుంది. పోయిన నోడు ఈలోగా తిరిగొస్తే బోలెడంత కాపీ పని తప్పుతుంది కదా! అసలూ నకలూ రెండూ అందకపోతేనే రంగు ఎరుపు. అప్పుడు తొందరపడి ఏదీ చెరిపేయకూడదు. పోయిన నోడు డిస్కులో ఆ షార్డు భద్రంగానే ఉండవచ్చు.

మాస్టరే తెగిపోతే? మిగిలినవి ఓట్లతో మరొకదాన్ని ఎన్నుకుంటాయి. సగానికి మించి ఓట్లు రావాలి, మూడింటిలో రెండు. ఈ నియమం లేకపోతే తెగిన రెండు వైపులా ఇద్దరు నాయకులు తయారై, ఎవరికి వారు కొత్త సమాచారం రాసుకుంటారు. తరువాత తీగ అతికినా ఏది నిజమో తేలదు, ఒక వైపు రాతలు పోగొట్టుకోవలసిందే. 2019లో 7వ వెర్షన్ వచ్చేదాకా ఈ ఓట్ల సంఖ్యను మనుషులే రాసి ఉంచవలసి వచ్చేది. నాలుగు నోడ్లుంటే ఒకేసారి ఎన్ని పోయినా తట్టుకోగలదు? లెక్కవేయండి, జవాబు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది.

ఒక్కోసారి నోడు చావదు, పనిభారంతో ఉక్కిరిబిక్కిరై నాడి అందదంతే. అప్పుడు పనుల జాబితా తెప్పించాలి. ఏ పని ఏ నోడులో ఎంతసేపటి నుంచి నడుస్తోందో, దాన్ని రద్దు చేయవచ్చో లేదో అందులో ఉంటుంది. రద్దు అంటే ప్లగ్గు పీకడం కాదు. పనికి ఒక గుర్తు తగిలిస్తారు. పని మధ్యమధ్య ఆ గుర్తును చూసుకుని, వీలైన చోట ఆగుతుంది. దాని పిల్ల పనులూ ఆగుతాయి. అయితే పది లక్షల పత్రాలను సవరించే పనిని సగంలో ఆపితే, అప్పటికే మారినవి మారినట్టే ఉంటాయి. అందుకే ఆ పనిని మళ్ళీ మొదలుపెట్టే ముందు ఎన్ని మారాయో లెక్క చూసుకోవాలి.