తోడు పోయిన పెట్టకు మనమేం చేయొచ్చు?

కనుమ వెళ్ళిన మర్నాడు చూడండి, చాలా పెరళ్ళలో ఒక్క పెట్టే మిగులుతుంది. అల్లుడుగారి కోసం కొన్ని పోతాయి, కొక్కెర తెగులుకు కొన్ని, ముంగిస నోటికి కొన్ని. ఎలా పోయినా మిగిలినదాని తీరు మాత్రం ఒకటే: గోడవారన తిరుగుతూ అరుస్తుంది, మేత సరిగా ముట్టదు, గుడ్డు మానేస్తుంది. దానికి టానిక్కులు కొనక్కర్లేదు. నేను చేసి చూసినవి చెబుతాను, మీకు వీలైనవి చేసుకోండి.

1. ముందు తోటి కోడి ఎందుకు పోయిందో తేల్చుకోండి. మెడ మెలిపడి, పచ్చటి రెట్ట వేసి పోయిందంటే తెగులని అనుమానించాలి. మిగిలినదాన్ని పక్కింటి కోళ్ళలో కలవనీయకుండా ఉంచి పశువుల ఆసుపత్రిలో అడగండి.

2. జబ్బుతో పోయిన కోడిని వండకండి, గోడవతలకు విసరకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడిస్తే కుక్కలు లాక్కురావు, వీధిలో మిగతావాళ్ళ కోళ్ళూ దక్కుతాయి.

3. పిల్లో ముంగిసో పట్టుకుపోయి ఉంటే రుచి మరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. కొన్నాళ్ళు రాత్రిపూట గంపను వరండాలోకి జరిపి, పైన పాత రుబ్బురోలు పొత్రం లాంటి బరువు పెట్టండి.

4. గంపను మరిగే నీళ్ళతో కడిగి ఎర్రటి ఎండలో బోర్లించండి, అల్లిక సందుల్లో దాక్కున్న గోమార్లు చస్తాయి. రాత్రంతా అవి రక్తం తాగుతుంటే, కోడి దిగులుతో చిక్కిపోయిందని మనం జాలిపడుతూ కూర్చుంటాం.

5. దిగులా, జబ్బా అన్నది మెడ కింద మేత నిలిచే సంచి చెబుతుంది. మాపటికి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉంటే పరవాలేదు. పొద్దున్నే గట్టిగా తగిలినా, రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకున్నా డాక్టరుకు చూపించండి.

6. గుడ్డు ఆగిందని కంగారుపడి మేత పెంచొద్దు. బెదురు తగ్గాక, ఈకలు రాలుస్తుంటే కొత్తవి వచ్చాక, తనే మొదలుపెడుతుంది.

7. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదనేవాళ్ళు ఇంకా ఉన్నారు, నమ్మకండి. పెడుతుంది; పొదిగితే పిల్ల కాదు, అంతే. అట్టుకు ఏ లోటూ లేదు.

8. పోయింది పుంజే అయితే తర్వాత వారం రోజులు పెట్టిన గుడ్లు తినేయకుండా దాచండి, వాటిలో పిల్లలయ్యేవి ఉంటాయి. సన్నటి కొస కిందికి ఉండేలా చల్లటి చోట పేర్చి, వారంలోపు పొదుగు మీదున్న పెట్ట కింద వేయండి. ఎండాకాలమైతే ఇంకా ముందే.

9. మేత వేళ మార్చకండి, పిలిచే పిలుపూ మార్చకండి. రోజూ ఒకే మనిషి ఒకే వేళకు వేస్తే వారంలోనే మీ వెనక వెనకే తిరుగుతుంది, అరుపులు తగ్గుతాయి.

10. బియ్యం ఏరడం, కూర తరగడం పెరట్లో కూర్చుని చేసుకోండి. మీ పని అవుతుంది, దానికి తోడూ దొరుకుతుంది; ఏరి పారేసే గింజలు నేరుగా దాని నోట్లోకే పోతాయి.

11. నూకలు గిన్నెలో పోయకుండా ఎండుటాకుల మీద చల్లండి. గీరి గీరి ఏరుకోవడంలో సగం పూట గడిచిపోతుంది, గోడవారన నిలబడి అరిచే తీరిక ఉండదు.

12. తోటకూర కాడలనో, క్యాబేజీ పైఆకులనో పురికొసకు కట్టి దాని తలకంటే కాస్త ఎత్తులో వేలాడదీయండి. ఎగిరి పొడుచుకు తింటుంది. రైతుబజారులో మిగిలిన ఆకులు అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉంటారు.

13. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ, గోనె ముక్క కుక్కి, చెదలున్న నేల మీద రాత్రి బోర్లించండి. తెల్లారి దులిపితే పైసా ఖర్చులేని మాంసాహారం. ఇంటి గుమ్మాలకు, కలపకు దూరంగా పెట్టండి సుమా!

14. ఒక్క కోడికి రోజుకు నూరు గ్రాముల మేత సరిపోతుంది. నాలుగింటికి వేసిన అలవాటులో ఎక్కువ వేస్తే మిగిలిన దానికి పందికొక్కులు వస్తాయి.

15. దాణా బస్తా చవకని కొనకండి, కిలో చొప్పున తెచ్చుకోండి. ఒక్క పెట్ట తినేలోపు బూజు పడుతుంది. బూజు పట్టిన దాణా, వేరుశెనగ చెక్క కోడికి విషమే.

16. గుడ్డు పెంకులు పెనం మీద వేయించి పొడి చేసి తవుడులో కలపండి, తోలుగుడ్లు తగ్గుతాయి. పెంకు ఆకారం తెలిసేలా వేస్తే మాత్రం తన గుడ్డు తనే పొడుచుకు తినడం నేర్చుకుంటుంది.

17. విరిగిన ప్లాస్టిక్ టబ్బులో పొడిమట్టి, కట్టెల బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపి నీడన పెట్టండి. అందులో పొర్లి పేలు తనే వదిలించుకుంటుంది, మందు డబ్బులు మిగులుతాయి.

18. పాత అద్దం ముక్కను పదునంచులు లేకుండా చూసి గోడకు ఆనించండి, తన నీడనే తోడనుకుని పక్కన కూర్చునే కోళ్ళున్నాయి. అద్దాన్ని కోపంగా పొడుస్తుంటే తీసేయండి.

19. నాలుగు కోళ్ళు ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటే వెచ్చగా ఉంటుంది, ఒక్కదానికి ఆ వెచ్చదనం ఉండదు. మార్గశిర పుష్య మాసాల్లో చిన్న గంపకు మార్చి, గాలి వచ్చే వైపు గోనెపట్టా కప్పండి. గంప మొత్తం మూసేయకండి.

20. ఎండాకాలం ప్లాస్టిక్ గిన్నె వద్దు, మట్టి మూకుడులో నీళ్ళు పోసి చెట్టు నీడన పెట్టండి. పూటకోసారి మార్చండి.

ఇంతవరకూ దాన్ని నిలబెట్టే మాట. ఇక అసలు మందు ఇంకో కోడే. తొందరపడి సంత నుంచి తెచ్చి గంపలో పడేస్తే ఉన్నదీ పోతుంది, అందుకే ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

21. సంతలో ఎక్కడెక్కడి కోళ్ళో కలుస్తాయి, తెగుళ్ళూ అక్కడే అంటుకుంటాయి. తెలిసినవాళ్ళ పెరటి నుంచి తెచ్చుకుంటే పదో పాతికో ఎక్కువైనా నష్టం లేదు.

22. ఒకటి కాదు, రెండు తెండి. పాతది పొడిచే పొడుపులు రెండింటికీ పంచుకుపోతాయి. రేపు ఏదైనా పోయినా మళ్ళీ ఒంటరిది మిగలదు.

23. వయసులో, ఒంట్లో సమానమైన పెట్టల్నే చూడండి, పిల్లల్ని తెస్తే పొడిచి చంపేస్తుంది. ఒక్క పెట్టకు తోడుగా పుంజునూ తేకండి, ఎక్కి ఎక్కి దాని వీపు ఈకలన్నీ ఊడగొడతాడు.

24. వనరాజా, గ్రామప్రియ మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి కోసమే తయారుచేసిన రకాలు. గుడ్లు కావాలంటే గ్రామప్రియ మేలు. పొదిగి పిల్లల్ని చేయాలంటే మాత్రం నాటుపెట్టే గతి.

25. తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా, వీలైతే ఇంటికి అవతలి వైపు ఉంచండి. ముందు పాతదానికి మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్ళండి. చేతులు కడగండి, చెప్పులు మార్చండి.

26. ఆ తర్వాత కొత్తవాటిని గంప కింద ఉంచి పాతదాన్ని చుట్టూ తిరగనివ్వండి, మర్నాడు దాన్ని గంప కిందికి, వీటిని బయటికి. గంప సందుల్లోంచి వారం రోజులు ఒకదాన్నొకటి చూసుకుంటే సగం కోపం అక్కడే చల్లారుతుంది. వలలూ తలుపులూ కొనే పని లేదు.

27. కలపడం చీకటి పడ్డాకే. నిద్ర మత్తులో పక్కపక్కన సర్దుకుంటాయి. పొద్దున్నే మాత్రం మీరు ముందు లేచి, మేత గిన్నెలు రెండు మూడు దూరదూరంగా పెట్టాకే గంప ఎత్తండి.

28. నాలుగైదు రోజులు పొడుచుకుంటాయి, మధ్యలో దూరకండి. ఎవరు పెద్దో తేలేదాకా ఆ గొడవ తప్పదు, మన తోడికోడళ్ళ లాగే! రక్తం కనిపిస్తే వెంటనే విడదీసి పసుపు అద్దండి, ఎర్రగా కనిపించే చోటే మళ్ళీ పొడుస్తాయి.

29. మీ పెట్ట పొదుగు మీదుంటే పని ఇంకా తేలిక. పక్కింటి పుంజున్న కోళ్ళ గుడ్లు పది అడిగి తెచ్చి కింద వేయండి, 21 రోజులకు ఇంటి నిండా తోడే. ఏడో రోజు రాత్రి ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే నరాలు కనిపించనివి తీసేయొచ్చు.

30. కొక్కెర తెగులు టీకా సీసా మందు చాలా కోళ్ళకు వస్తుంది, విప్పాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. మీ ఒక్కదాని కోసం కొనకుండా వీధిలో అందరి కోళ్ళకూ ఒకే రోజు పెట్టించుకుంటే తలా కాస్త పడుతుంది. వేసవి రాకముందే పెట్టించండి, నలతగా ఉన్నదానికి మాత్రం వద్దు.

31. ఇంకో కోడిని తెచ్చే ఓపిక లేకపోతే మొహమాటపడకండి, కోళ్ళున్న పక్కింటి వదినగారికి ఇచ్చేయండి. పై పద్ధతిలోనే వాళ్ళ మందలో కలపమని చెప్పి, కాలికి రంగు గుడ్డపీలిక కట్టి మరీ ఇవ్వండి. గుడ్ల లెక్క దగ్గర మాట తేడా రాదు.