చంద్రుడి మీద ధూళి ఎలా లేస్తుంది? – ఒక చిన్న లెక్క



గాలి లేనిచోట దుమ్ము లేస్తుందా? లేవదనే చెబుతాం. కానీ 1968లో చంద్రుడి మీద దిగిన అమెరికా నౌక సర్వేయర్-7, సూర్యాస్తమయం తరువాత దిగంతం వెంట సన్నని వెలుగు గీతను ఫోటో తీసింది. నేలకు కొద్ది ఎత్తులో ఉన్న ధూళి మీద ఎండ పడి అలా మెరిసిందని శాస్త్రజ్ఞులు భావించారు.

కారణం ప్లస్ టూ, పీయూసీ పుస్తకాల్లోని కాంతి విద్యుత్ ఫలితంలో ఉంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు తగిలి నేల నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. నేలకు, రేణువులకు ధనావేశం మిగులుతుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి కాబట్టి రేణువు పైకి లేవాలి.

ఇక్కడితో ఆగకండి, లెక్క వేయండి అని నేను పిల్లలకు చెబుతాను. 10 మైక్రాన్ల వెడల్పున్న రేణువును తీసుకుందాం. సాంద్రత నీటికి 3 రెట్లు, చంద్రుడి గురుత్వ త్వరణం 1.62, విద్యుత్ క్షేత్రం మీటరుకు 5 వోల్టులు అనుకుందాం. దాన్ని లేపాలంటే సుమారు 32 లక్షల ఎలక్ట్రాన్లంత ఆవేశం కావాలి. 5 వోల్టుల వద్ద ఆ రేణువుకు వచ్చేది సుమారు 17 వేలే. నూరో వంతైనా లేదు!

మరి ఎలా లేస్తుంది? 2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో ఒక దారి చూపారు. రేణువుల మధ్య సందుల్లో వెలువడిన ఎలక్ట్రాన్లు పక్క రేణువులకే అంటుకుంటాయి. అక్కడ రుణావేశం బాగా పేరుకుని, రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి.

అంతటితో కథ ముగియలేదు. 2013-14లో చంద్రుడి చుట్టూ తిరిగిన లాడీ నౌక, చాలా ఎత్తున ఉంటుందనుకున్న దట్టమైన ధూళి కోసం వెదికింది. అది కనబడలేదు.

ఇది ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు. ఈ ధూళి అపోలో యాత్రికుల దుస్తులకు అంటుకుని పీడించింది. 1972లో హారిసన్ ష్మిట్‌కు జలుబు చేసినట్లు ముక్కు దిబ్బడ వేసింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 కూడా 2023లో నేల దగ్గరి ఎలక్ట్రాన్ల సాంద్రతను కొలిచింది.

అభ్యాసం: 1 మైక్రాన్ రేణువుకు ఇదే లెక్క వేయండి. బరువు 1000 రెట్లు తగ్గుతుంది, ఆవేశం 10 రెట్లే తగ్గుతుంది. ఇప్పుడు లేస్తుందా?

తల్లిదండ్రులకు ఒక మనవి: మార్కులతో పాటు, "ఈ జవాబును లెక్క వేసి చూశావా?" అని కూడా పిల్లలను అడగండి.