పెరటి గోడ దూకే పిల్లులు

ప్రశ్న: ఖరగ్‌పూర్ ఇందాలో ఉంటాం. మా పిల్లులు రెండూ పెరటి గోడ దూకి రోడ్డు మీదికి పోతున్నాయి. వీధికుక్కలంటే భయంగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: గోడ ఎత్తు పెంచినంత మాత్రాన పిల్లి ఆగదమ్మా. ఆరడుగుల గోడనైనా ఎక్కేస్తుంది. గోడపైన ఇనుప కమ్మీలు బిగించి, రెండడుగుల వలను పెరటి వైపుకు వంచి కట్టించండి. వల కాస్త వదులుగా ఉంటే పట్టు దొరక్క వెనక్కి దిగిపోతుంది. గోడ పక్కన జామచెట్టు ఉంటే మొదలుకు నున్నటి రేకు చుట్టండి. గేటు కింది సందు, తూము జాలీతో మూయండి. ఎలుకల మందు పెట్టకండి. బొకేల్లో వాడే పెద్ద పూల లిల్లీ మొక్కలూ వద్దు; వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూడు నెలల వయసు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తిరుగుళ్లు తగ్గుతాయి. ఇవన్నీ చేసినా, రాత్రిళ్లు మాత్రం ఇంట్లోనే ఉంచండి.