చిన్న కాలేజీయా, పెద్ద కాలేజీయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పాసైంది. డిగ్రీకి అమలాపురంలో చేర్చాలా, విశాఖలో పెద్ద కాలేజీకి పంపాలా? పిల్లను ఎక్కడ బాగా పట్టించుకుంటారండీ?
– ఒక తల్లి, ఐనవిల్లి

జవాబు: కాలేజీ సైజును బట్టి తేల్చకండమ్మా. చిన్నచోట లెక్చరర్లు పిల్లల్ని పేరుపేరునా గుర్తుపట్టే వీలుంది. పెద్దచోట లైబ్రరీ, ల్యాబులు, ప్లేస్‌మెంట్లు సాధారణంగా మెరుగు. అయితే అడిగి సాధించుకునే చొరవ అమ్మాయికి ఉండాలి.

న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలేజీ అయితే వెబ్‌సైట్‌లో దాని స్వీయ అధ్యయన నివేదిక చూడండి. అందులో ఒక్కో మెంటర్‌కు, అంటే విద్యార్థుల బాగోగులు చూసే లెక్చరర్‌కు, ఎందరు విద్యార్థులో వెతకండి. తర్వాత స్వయంగా వెళ్లి రెండో ఏడాది పిల్లల్ని అడగండి: "మీ మెంటర్ ఎవరు? చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" జవాబుకు తడుముకుంటే ఆ మెంటర్ కాగితం మీదే ఉన్నట్టు.

2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి. అందులో ఎవరున్నారో, వాళ్లను ఎలా కలవాలో చేరేరోజే రాసుకోండి. అమ్మాయిని పట్టించుకునే మనిషి కనిపించిన కాలేజీలోనే చేర్చండి.