పొద్దున పట్టేసే చేతులు

సమస్య

నాకు 39 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఏడాదిగా పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ పట్టేస్తున్నాయి. పిడికిలి బిగియదు. పాల ప్యాకెట్ కత్తిరించాలన్నా మా పాపను లేపాలి. పది దాటాక కాస్త సర్దుకుంటాయి. అప్పుడు మిషన్ దగ్గర కూర్చుంటే మా అత్తగారు ‘‘వంటకు రాని చేతులు కుట్టుకెలా వచ్చాయో!’’ అంటారు. మా ఆయన పైకి ఏమీ అనరు గానీ, ఆయనకూ నమ్మకం లేదని తెలుస్తూనే ఉంది.

గుంటూరులో డాక్టరు గారు రక్త పరీక్షలు చేయించి కీళ్లవాతం అన్నారు. వారానికి ఒక్కరోజు వేసుకోమని మెథోట్రెక్సేట్ బిళ్లలు రాశారు. మూడు వారాలు వాడినా తేడా కనపడలేదు. పైగా అవి క్యాన్సర్ మందులని తెలిసినవాళ్లు చెబితే భయపడి మానేశాను. మా ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూదికి సాయంత్రానికల్లా నొప్పి పోతుంది. ఐదు నెలల్లో ఆరు సూదులయ్యాయి. ఈమధ్య పది రోజులకే మళ్లీ మొదలవుతోంది. వాతం చేస్తాయని వంకాయ, గోంగూర, దుంపలు, పప్పు కూడా మాన్పించారు. బాగా నీరసించిపోయాను. సూదులతోనే నెట్టుకు రావచ్చా?

— ఒక సోదరి, పల్నాడు జిల్లా

సలహా

వద్దమ్మా. ఆ సూదుల్ని నమ్ముకోవద్దు.

మా అమ్మకు ఇదే జబ్బు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోయి ఉండేవి. ముద్ద కలుపుకోవడం రాక చెంచాతో తినేది. చుట్టాలు వచ్చిన రోజున అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది. నొప్పి పుట్టినప్పుడల్లా బిళ్ల మింగడమే తప్ప, జబ్బుకు కళ్లెం వేసే మందు ఆమెకు అందలేదు. మీకు అందింది. ‘మానేశాను’ అన్న మాట చదివి నా ప్రాణం ఉసూరుమంది.

వయసు మీద పడి మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడి వాపు పుట్టిస్తుంది. ఆ వాపును అలాగే వదిలేస్తే ఎముకనూ తినేస్తుంది. రాత్రంతా కదలిక లేక పొద్దున బిగుసుకుపోవడం, కదిలేకొద్దీ సడలడం దీని తీరు. పది గంటలకు మీ చేతులు పనికి రావడం నటన కాదని మీ అత్తగారికి చెప్పండి.

అంత త్వరగా నొప్పి తీసేసే సూదుల్లో తరచూ ఉండేది స్టెరాయిడ్. నిపుణులూ దాన్ని వాడతారు, కాకపోతే అసలు మందు పని మొదలుపెట్టేదాకా, కొలిచినట్టు. లెక్కాపత్రం లేకుండా నెలల తరబడి వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు, బీపీ పెరుగుతాయి.

మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సర్‌కు వచ్చిన మందే, నిజం. కీళ్లవాతానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. క్యాన్సర్ మోతాదుతో పోలిస్తే కీళ్లకు ఇచ్చేది చాలా కొద్ది. గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మీరు మూడు వారాలకే వదిలేశారు. అన్నిటికంటే భయపడాల్సింది ఒకదానికి: వారానికి ఒకసారి వేసుకోవాల్సిన బిళ్ల పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే క్యాలెండర్లో బిళ్ల వేసుకునే రోజుకు సున్నా చుట్టండి. ఫోలిక్ యాసిడ్ బిళ్ల, కాలేయానికీ రక్తకణాలకీ పరీక్షలు డాక్టరు చెప్పిన ప్రకారం తప్పనిసరి. నోట్లో పుళ్లు, జ్వరం, ఆయాసంతో పొడిదగ్గు వస్తే వెంటనే చూపించుకోవాలి. మళ్లీ పిల్లలు కావాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు పనికిరాదు. మానేసిన బిళ్లలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

వంకాయ, గోంగూర ఈ జబ్బును తెచ్చిపెట్టవు. ఫలానాది తింటే నొప్పి పెరుగుతోందని మీకే అనిపిస్తే అది మానండి, చాలు. పప్పు, గుడ్డు మాత్రం తినండి.

పొద్దున పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేతులుంచి వేళ్లు మెల్లగా ముడుస్తూ తెరవండి. కూరలు ముందు రోజు సాయంత్రమే తరిగి పెట్టుకోండి. మిషన్‌కు మోటారు లేకపోతే పెట్టించండి. అరగంటకోసారి లేవండి. కాజాలు, హుక్కుల పని కొన్నాళ్లు ఇంకొకరికి ఇచ్చేయండి, ఆ సన్నపనికే వేళ్లు ఎక్కువ నలుగుతాయి.

ఇక ఈ మాట మీ ఆయనకు. బాబూ, పొద్దున పాల ప్యాకెట్ మీరు కత్తిరించండి. తడి బట్టలు మీరు పిండండి. మీ అమ్మగారికి డాక్టరు చెప్పింది మీ నోటితో చెప్పండి. కోడలు చెబితే సాకు అనుకునే మాట కొడుకు చెబితే వింటారు.

అమ్మా, ఈ వారమే ఇద్దరూ గుంటూరు వెళ్లండి. ఆ ఆరు సూదులూ ఎప్పుడెప్పుడు వేయించుకున్నారో కాగితం మీద రాసుకుని, డాక్టరు గారికి దాచకుండా చూపించండి.